అమ్మ గీసిన కళ్ళు

ఆ పెళ్ళిళ్ళ సీజన్ మొత్తంలో మా నాన్న నా లైట్లను ఒక్కసారి కూడా లైట్లు అనలేదు. సంచి అనేవాడు. "సంచి తీసుకెళ్తున్నావా?", "సంచి తడవకుండా చూసుకో", "ఆ సంచి కాళ్ళకి అడ్డం పడుతోంది, పక్కన పెట్టు." అందులో ఉన్నవి రెండు బ్యాటరీ ఫ్లాష్‌లు, రెండు మడత స్టాండ్లు, ఒక తెల్ల గొడుగు, పెట్టెలా విప్పుకునే తెల్లగుడ్డ సాఫ్ట్‌బాక్స్ ఒకటి. అన్నీ కలిపినా ఓ చంటిపిల్ల బరువుండవు. భుజాన వేసుకుంటే మెట్ల మీదైనా, డాబా మీదైనా, ఆగి ఉన్న కారు పక్కనైనా, ఎక్కడ బాగుందనిపిస్తే అక్కడే స్టూడియో తెరిచేయొచ్చు. నాన్నకు నచ్చనిదీ అదే. ఆయన స్టూడియో ముప్పై ఏళ్ళుగా ఉన్నచోటనే ఉంది.

స్టూడియో అంటే మా ఇంటి ముందు భాగమే. లోపలి గదిలో గోడంతా కప్పేసే గుడ్డ, దాని మీద గీసిన పాలరాతి మెట్లు, రెండు స్తంభాలు. రేకు టోపీలు పెట్టుకున్న రెండు పెద్ద లైట్లు. తిప్పితే ఎత్తు పెరిగే స్టూలు. ఆ మెట్లు ఎక్కినవాళ్ళు ఎవరూ లేరు కానీ, వాటి ముందు నిలబడని జంట మా ఊళ్ళో ఒకప్పుడు లేదు. ఇప్పుడు జంటలు రావడం మానేశాయి. వాళ్ళకి వాళ్ళ పెళ్ళి జరిగే చోటే ఫొటో కావాలి. నేను కొత్తగా కనిపెట్టిందేమీ లేదు, వాళ్ళున్న చోటికి వెళ్తానన్నాను, అంతే.

సంచి ఇంటికొచ్చిన రోజునే నాన్న షరతు పెట్టాడు.

"ఈ ఒక్క సీజన్ నీది. పెళ్ళిళ్ళు అయిపోయేలోగా నేను వేలెత్తి చూపలేని ఫొటో ఒక్కటి తీసి నా ముందు పెట్టు. పెట్టావా, స్టూడియో నీది. లోపలి గది ఎత్తేస్తావో, గుడ్డ చించేస్తావో నీ ఇష్టం. పెట్టలేదా, ఆ సంచి అటకెక్కుతుంది. నువ్వొచ్చి ఈ స్టూలు పక్కన నిలబడతావు."

"ఒక్కటేనా?"

"ఒక్కటే."

"పది తీసి పెడతాను, ఏది కావాలో ఏరుకో."

"ముందా ఒక్కటీ చూపించవే తల్లీ," అని భూతద్దం తుడుచుకున్నాడు.

మొదటి పెళ్ళిలోనే గాలి నా పరువు తీసింది. తోటలో జంటను నిలబెట్టి, గొడుగు విప్పి, ఇటు కెమెరా దగ్గరికి వచ్చేలోపు స్టాండూ గొడుగూ కలిసి లేచి వెళ్ళి పెళ్ళికొడుకు మేనమామ నెత్తిన పడ్డాయి. ఆయనకు దెబ్బ తగల్లేదు కానీ, భోజనాలు అయ్యేదాకా ఆ సంగతే అందరికీ చెప్పుకు తిరిగాడు. మర్నాడు మా పెద్దమ్మ, అమ్మకు అక్క, ఈ కథ విని నడుం బిగించింది.

"నేనొస్తాను పద. ముప్పై ఏళ్ళు కదిలే బస్సులో నిలబడి టికెట్లు కొట్టినదాన్ని, ఒక్క గొడుగు పట్టుకోలేనా?"

పెద్దమ్మ కండక్టరుగా చేసి రిటైరైంది. స్టాండు అడుగున ఒక కాలు వేసి, కర్రను చంకలో ఇరికించుకుని నిలబడిందంటే తుఫానొచ్చినా కదిలేది కాదు. పైగా ఆ గొంతు. "లోపలికి జరగండి, ఇంకా లోపలికి! అక్కడ బోలెడు చోటుంది! ఏమండీ కళ్ళద్దాలాయనా, మీరే!" అని ఒక్క కేక వేస్తే పెళ్ళివారంతా వరసలో నిలబడేవాళ్ళు. ఫొటో అయిపోగానే "రైట్ రైట్!" అనేది. మూడో పెళ్ళికల్లా జనం నన్ను మర్చిపోయి ఆవిడనే పిలవడం మొదలుపెట్టారు.

పని మాత్రం నాకు బాగా పట్టుబడింది. గొప్పలు పోవడం కాదు, ఉన్నమాటే చెబుతున్నాను. ముందు ఆకాశాన్ని కొలుచుకుని, అది ఎలా కనిపించాలో నిర్ణయించుకుని, ఆ తరవాత మొహానికి కావలసినంత వెలుగు పక్కనుంచి కలపడం నా చేతికి వచ్చేసింది. మబ్బు పట్టిన రోజున కూడా నా జంటలు కిటికీ పక్కన నిలబడ్డట్టు మెరిసేవాళ్ళు.

ఆ మాట నాన్నతో అనిపించడం ఒక్కటే మిగిలింది. ప్రతి సోమవారం పొద్దున్నే పెద్ద ప్రింటు ఒకటి ఆయన బల్ల మీద పెట్టేదాన్ని. ఆయన భూతద్దం పట్టుకుని ఒంగేవాడు. నేను గుమ్మంలో నిలబడి గోళ్ళు కొరుక్కునేదాన్ని.

"ముక్కు కింద మీసంలా నీడ పడింది. పెళ్ళికూతురికి మీసమెందుకే?"

ఇంకో వారం, "ఈయన కళ్ళద్దాల్లో నీ గొడుగు కనబడుతోంది. వానొచ్చిందా?"

మరో వారం, "అంతా బాగానే ఉంది. వేళ్ళు నాలుగే ఉన్నాయి. అయిదోది ఎక్కడ కోశావు?"

ఒంటికాలి మీద లేచేదాన్ని. లోపలికెళ్ళి గిన్నెలు చప్పుడు చేసేదాన్ని. ఆయన పట్టిన తప్పుల వల్లే నా పని పదునెక్కిందని ఇప్పుడు ఒప్పుకుంటాను. ఆ రోజుల్లో ఎవరైనా ఆ మాటంటే మొహం వాచేలా చీవాట్లు పెట్టి ఉండేదాన్ని.

మా గొడవల్లో అమ్మ ఎప్పుడూ తలదూర్చేది కాదు. స్టూడియోలో కిటికీ పక్కన అమ్మ బల్ల ఉంటుంది. దాని మీద ఈనెంత సన్నటి బ్రష్షులు, ఇంకు సీసాలు, అరచేతి వెడల్పు అద్దం. పాత రోజుల్లో ఫొటోలకు మెరుగులు దిద్దడం అమ్మ పని. మొటిమ చెరపడం, చెదిరిన జుట్టు సర్దడం మామూలు. అసలు పని కళ్ళది. అప్పట్లో ఫిల్ము కడిగి చూస్తే తప్ప ఎవరు రెప్ప వేశారో తెలిసేది కాదు. తెలిసేసరికి పెళ్ళి అయిపోయి చుట్టాలు ఊళ్ళకు వెళ్ళిపోయేవాళ్ళు. మళ్ళీ తీయడమనే మాటే లేదు. అమ్మ ఆ మూసిన రెప్పల మీద తెరిచిన కళ్ళు గీసేది. ఎవరూ కనిపెట్టలేనంత బాగా గీసేది. ఆ అద్దం ఎందుకో నాకు చాలా ఏళ్ళ వరకు తెలియలేదు.

తెలిసింది లెక్కల టీచరుగారు వచ్చిన రోజున.

ఎనిమిదో తరగతిలో ఆవిడ నాకు లెక్కలు చెప్పారు. బోర్డు మీద రాస్తూ, వెనక్కి తిరక్కుండానే చివరి బెంచీలో ఎవరు గుసగుసలాడారో పేరు పెట్టి పిలిచే మనిషి. అలాంటి మనిషి స్కూలు గ్రూపు ఫొటోల్లో మాత్రం ప్రతి ఏడూ నిద్రపోతూ ఉండేవారు. పిల్లలం చాటుగా నవ్వుకునేవాళ్ళం. ఆ రోజు ఆవిడ కాగితంలో చుట్టిన పెద్ద పటం ఒకటి చంకన పెట్టుకొచ్చి నాన్న బల్ల మీద విప్పారు. ఇరవై ఎనిమిదేళ్ళ కిందటి వాళ్ళ పెళ్ళి ఫొటో. వెనక మా పాలరాతి మెట్లు.

"ఈ పక్కనున్నాయన మా ఆయనే," అన్నారు టీచరుగారు. "బట్టలు నావి, ముక్కు నాది. కళ్ళు మాత్రం నావి కావు."

అమ్మ కిటికీ దగ్గర నుంచి లేచి వచ్చి పటంలోకి చూసింది.

"నావండీ," అంది మెల్లిగా. "మీ కళ్ళు మూసి ఉన్నాయి. మళ్ళీ తీద్దామంటే మీరప్పటికే ఊరికెళ్ళిపోయారు. అద్దంలో నావి చూసుకుని గీశాను. నాకు తెలిసినవి అవే."

"అవి మీవేనని నాకు తెలుసు. ఇన్నేళ్ళుగా మా ముందుగదిలో నుంచి మీరే నన్ను చూస్తున్నారు. ఎవర్ని పెళ్ళి చేసుకున్నానో గోడకేసి చూస్తే అనుమానం వస్తోందని మా ఆయన ఆటపట్టిస్తుంటాడు." నవ్వారు కానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. నా వైపు తిరిగారు. "వచ్చే నెల మా పిల్ల పెళ్ళి. ఆ ఫొటో కూడా ఆ గోడకే ఎక్కుతుంది. అందులో పిల్ల పక్కన నా కళ్ళతో నేను ఉండాలి. తీయగలవా?"

"దానికేం టీచరుగారూ, ఇప్పుడు కంప్యూటర్లో ఒక ఫొటోలోంచి కళ్ళు తీసి ఇంకో దాంట్లో..."

"అతికిస్తావా?"

నాలుక కరుచుకున్నాను.

"ఫోనులో తీస్తే బాగానే ఉంటాయి. ఆ లైటు భగ్గుమనే ఫొటో అయితే చాలు, రెప్పలు పడిపోతాయి. నేను వేసేది కాదు, వాటంతటవే పడతాయి. అతుకులు వద్దు. తీయగలిగితే తీయి, లేకపోతే లేదని చెప్పు."

"తీస్తాను," అన్నాను. అప్పటికి తొమ్మిది పెళ్ళిళ్ళు చేతిలో ఉన్నాయి మరి.

ఆవిడ వెళ్ళాక నాన్న నన్ను బల్ల దగ్గరికి పిలిచాడు. "నీ సోమవారాలు ఇక చాలు," అన్నాడు. "టీచరుగారి ఫొటో ఒక్కటే చూస్తాను. షరతు దాని మీదే."

"సరే."

"ముందు ఓసారి పిలిచి, కూర్చోబెట్టి చూసుకో."

"అక్కర్లేదు నాన్నా. ఆటో మోడ్‌లో పెడితే లైటు తనంతట తనే కొలుచుకుంటుంది. ఎంత కావాలో అంతే వెలుగుతుంది. నీ రోజుల్లోలా కాదు."

నా కళ్ళు నెత్తికెక్కి ఉన్నాయని ఇప్పుడు తెలుస్తోంది. ఆయన మాత్రం "మంచిది" అని ఊరుకున్నాడు.

పెళ్ళి ఊరి చివర హాల్లో. మధ్యాహ్నం దాకా అంతా సాఫీగా సాగింది. ఫొటోకి నేను ఎంచుకున్న చోటు హాలు పైన డాబా. వెనక అడ్డం లేని పడమటి ఆకాశం, అయిదు దాటాక దానికి రంగెక్కుతుంది. కొత్త జంట ఏడింటి రైలెక్కాలి. కాబట్టి ఆరులోపు అన్నీ అయిపోవాలి. నాన్నా అమ్మా కూడా పెళ్ళికి వచ్చారు, టీచరుగారు పిలిచారు కాబట్టి. నాన్న పిట్టగోడ దగ్గర కాఫీ కప్పుతో నిలబడ్డాడు. నా పనిలో వేలు పెట్టనని పొద్దున్నే మాటిచ్చాడు.

జంట ఫొటోలు అద్భుతంగా వచ్చాయి. పెద్దమ్మ రైట్ రైట్ అంది. తరవాత టీచరుగారిని పిలిచి, కూతురి పక్కన నిలబెట్టి, సాఫ్ట్‌బాక్స్ ఎడమ పక్కనుంచి కాస్త పైకి పెట్టించి నొక్కాను.

రెప్పలు మూసి ఉన్నాయి.

"పడ్డాయి టీచరుగారూ, ఇంకోటి."

మళ్ళీ పడ్డాయి. చుబుకం ఎత్తమన్నాను. దూరంగా చూడమన్నాను. గట్టిగా ఊపిరి పీల్చమన్నాను. రెప్ప వేసి తెరవగానే నొక్కాను. పద్నాలుగు, పదిహేను. పెళ్ళికూతురు ప్రతిదాంట్లో పువ్వులా నవ్వుతోంది, పక్కన వాళ్ళమ్మ నిద్రపోతోంది.

"అమ్మా, కాస్త కళ్ళు తెరవవే!"

"తెరిచే ఉన్నానే తల్లీ!"

చుట్టాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దమ్మ అటు ఉరిమి చూసింది. ఇరవై ఆరు, ఇరవై ఏడు. ఫ్లాష్ ఆపేసి ఒకటి తీశాను. వెనక ఆకాశం వెలుగుతుంటే ఇద్దరి మొహాలూ మసి పూసినట్టు నల్లగా వచ్చాయి. ఇటు తిప్పి నిలబెడదామంటే ఎదురెండ, కళ్ళు చిట్లించుకున్నారు. మళ్ళీ లైటు వేసి తీశాను, మళ్ళీ మూతలే. ముప్పై ఒకటో దానికి కెమెరా దించేశాను. సంచి అటక మీద ఉన్నట్టు, నేను స్టూలు పక్కన నిలబడ్డట్టు కళ్ళ ముందు కనిపించింది. అంతకన్నా కష్టంగా అనిపించింది టీచరుగారి మొహం చూడటం. క్లాసులో ఎవరికీ తలవంచని మనిషి, తప్పు చేసిన పిల్లలా నిలబడి ఉన్నారు.

"పోనీలేమ్మా," అన్నారు. "పిల్ల రైలుకి టైమవుతోంది. మీ అమ్మకే ఇవ్వు, బ్రష్షుతో ఏదో చేస్తుంది."

సరిగ్గా అప్పుడు నాన్న కాఫీ కప్పు పిట్టగోడ మీద పెట్టి నా పక్కకు వచ్చాడు.

"మాట తప్పుతున్నాను," అన్నాడు గొంతు తగ్గించి. "అది రెండుసార్లు ఎందుకు వెలుగుతోందే?"

"ఒక్కసారే నాన్నా."

"రెండు. ముందు చిన్నది, ఆ వెంటనే పెద్దది. నా కంటికి తెలుస్తోంది. ముప్పై ఏళ్ళు లైటు మొహం చూసి బతికినవాణ్ణి. నీ సంచి కన్ను కొట్టి మరీ ఫొటో తీస్తోంది."

నా తల కొట్టేసినట్టయింది. ఆటోలో పెడితే లైటు తనంతట తనే కొలుచుకుంటుందని ఆయనకు గొప్పగా చెప్పింది నేనే. ఎలా కొలుచుకుంటుంది? ముందు చిన్న వెలుగు ఒకటి విసిరి చూసుకుని, దాన్నిబట్టి పెద్దది వేస్తుంది. పుస్తకంలో చదివాను కూడా. మామూలు మనుషుల రెప్పలకు ఆ మధ్యలో పడే తీరిక ఉండదు. టీచరుగారి రెప్పలు ఆ చిన్న వెలుగుకే పడిపోయి, పెద్దది వచ్చేసరికి మూసుకుని సిద్ధంగా ఉంటున్నాయి.

"ఆవిడ పెళ్ళి ఫొటో రోజున నేనూ ఇదే చేశాను," అన్నాడు నాన్న. "ఒకటి, రెండు, మూడు అని గట్టిగా లెక్కపెట్టాను. లెక్కల మనిషి కదా, మూడు రాకముందే ఆవిడకి మూడు తెలిసిపోయింది. నేను నోటితో చెప్పాను, నీది వెలుగుతో చెబుతోంది. అంతే తేడా. ముందుగా చెప్పకుండా తీయి."

ఆటో తీసేసి మాన్యువల్‌లో పెట్టాను. ఇక చిన్న వెలుగు లేదు, కొలతా లేదు. ఎంత వెలగాలో నేనే చెప్పాలి, చెప్పాక లైటుకీ మొహానికీ ఉన్న దూరం బెత్తెడు కూడా మారకూడదు. సాయంత్రపు గాలి మొదలైంది. పొద్దుటి నుంచి నిలబడి ఉన్న పెద్దమ్మ ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతోంది. ఆవిడ కదిలినప్పుడల్లా లైటూ కదులుతోంది.

నాన్న అది కూడా చూశాడు. వెళ్ళి చెయ్యి చాచాడు. "ఇలా ఇవ్వు వదినా."

"టికెట్టుందా మరిదీ?" అంది పెద్దమ్మ, కర్ర ఇచ్చేస్తూ.

ఆయన నవ్వలేదు. చేతిని బారచాపి టీచరుగారి చెంప నుంచి లైటు దాకా కొలిచాడు. స్టూడియోలో పెద్ద లైట్లను అలాగే కొలిచేవాడు. కర్రను గుండెకు ఆనించుకుని, కాళ్ళు ఎడం చేసి నిలబడ్డాడు. పెద్దమ్మను టీచరుగారి పక్కన నిలబెట్టి ఒకటి తీసి చూశాను. ఎక్కువైంది. "సగానికి దించు," అన్నాడు నాన్న, కెమెరా తెర చూడకుండానే. దించాను. సరిపోయింది.

ఇప్పుడు టీచరుగారు కెమెరా కేసి భయంగా చూస్తున్నారు. ముప్పై ఒక్కసార్లు తిన్న దెబ్బ అది. అప్పుడు అమ్మ వచ్చి నా భుజం వెనకాల నిలబడింది.

"టీచరుగారూ," అంది. "మీ ఫొటో నా చేతికొచ్చినప్పుడు కళ్ళు మూసి ఉన్నాయండీ. ఎలా ఉంటాయో తెలియకుండానే గీశాను. ఇన్నేళ్ళూ ఆ దిగులుండిపోయింది నాకు. ఒక్కసారి ఇటు చూడండి, చూస్తాను."

టీచరుగారు కెమెరాను వదిలేసి అమ్మ కేసి చూశారు. నేను ఒకటీ రెండూ అనలేదు. ఊపిరి కూడా గట్టిగా తీయలేదు. నొక్కాను.

తెర మీద రెండు కళ్ళు తెరుచుకుని ఉన్నాయి. చిన్న కళ్ళు, కొసల్లో ముడతలు, వెనక బెంచీ దాకా వెళ్ళే అదే చూపు. కాకపోతే అందులో ఇప్పుడు తడి ఉంది, నవ్వు రాబోతోంది. నేను ఏమీ అనకముందే పెద్దమ్మ నా భుజం మీదుగా తొంగిచూసి "రైట్ రైట్!" అని కేక వేసింది. కింద కార్ల దగ్గరున్న డ్రైవరొకడు ఇంజను ఆన్ చేశాడు.

ఆ తరవాత ఇంకో ఆరు తీశాను. నాలుగింటిలో మూతలే. పరవాలేదు, మాకు కావలసింది ఒక్కటే.

సోమవారం పొద్దున్న ప్రింటు నాన్న బల్ల మీద పెట్టాను. ఈసారి గోళ్ళు కొరుక్కోలేదు, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆయన భూతద్దం పట్టి కళ్ళు చూశాడు. నీడ చూశాడు. వేళ్ళు లెక్కపెట్టాడు, ఇద్దరివీ. ఆకాశం చూశాడు. ఎడమ పక్క అంచు దగ్గర భూతద్దం ఆగింది. చూపుడువేలు లేచింది.

"ఇక్కడ ఎవరిదో చొక్కా..."

"ఆఁ?" అన్నాను. "ఎవరిదో?"

నీలం గీతల చొక్కా, మడిచిన చెయ్యి, కర్రను పట్టుకున్న ముంజేయి. పెళ్ళికి వేసుకున్న చొక్కాయే ఆయన ఆ రోజు కూడా వేసుకుని ఉన్నాడు. లేచిన వేలు కాసేపు గాల్లోనే ఉండి, తిరిగి వెళ్ళి తన చేతి మడత సర్దుకుంది. కిటికీ దగ్గర అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"కత్తిరించేయనా?" అన్నాను.

"వద్దు, ఉండనీ." భూతద్దం సొరుగులో పెట్టి సొరుగు మూసేశాడు. "వచ్చే ఆదివారం ఎవరి పెళ్ళి?"

స్టూడియో నీదని నోరు తెరిచి ఆయన ఎప్పుడూ అనలేదు. నేనూ అడగలేదు. ఆ వారం నుంచి కర్ర ఎవరు పట్టుకోవాలని నాన్నకూ పెద్దమ్మకూ రోజూ వాదులాట.

సీజన్ చివర టీచరుగారు మళ్ళీ వచ్చారు. చంకన అదే పాత పటం, ఈసారి మంచి గుడ్డలో చుట్టి ఉంది.

"కొత్తది గోడకెక్కింది," అన్నారు. "మా ఆయన రోజూ దాని ముందు నిలబడి, ఈవిణ్ణి ఎక్కడో చూశానంటాడు. ఇక ఇది మీ దగ్గర ఉండాలి. కళ్ళు మీవి."

అమ్మ వద్దనబోయింది. ఆవిడ వినిపించుకోకుండా పటాన్ని అమ్మ చేతుల్లో పెట్టి, అమ్మ చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని వెళ్ళిపోయారు.

అమ్మ దాన్ని తన బల్ల మీద గోడకు ఆనించింది. చూస్తూ ఉండగా నాకు ఒక సంగతి తట్టింది. ఊళ్ళో వాళ్ళందరి ఫొటోలూ తీసిన ఇంట్లో అమ్మ ఫొటో ఒక్కటీ లేదు. అమ్మానాన్నల పెళ్ళికి నాన్న స్నేహితుడు తీసిన ఫిల్ము వెలుగు తగిలి పాడైపోయిందట. ఆ తరవాత అమ్మ ఎప్పుడూ బల్ల వెనకే ఉండిపోయింది, రేపు చూద్దాం, తీరికైనప్పుడు చూద్దాం అంటూ. నేను ఉయ్యాల్లో ఉన్న రోజుల్లో మా అమ్మ కళ్ళు ఎలా ఉండేవో చెప్పేది మా ఇంట్లో ఆ పటం ఒక్కటే, అదీ ఇంకొకరి మొహంలో. నాకు ఏడుపొచ్చింది. దాచుకోవాలనిపించలేదు.

అమ్మ మాత్రం తల పక్కకు వంచి, పనిమంతురాలి చూపు చూసింది. "ఎడమ కన్ను కాస్త పెద్దదైంది," అంది. "తొందర్లో గీసినట్టున్నాను."

నాన్న తన బల్ల దగ్గర నుంచి తలెత్తలేదు. "లేదు," అన్నాడు. "నీకు ఎడమది అంతే."

అమ్మ ఆయన కేసి చూసింది. ఆయన లేచి, లోపలి గదిలోకి వెళ్ళి, తిప్పితే ఎత్తు పెరిగే స్టూలు బయటికి తెచ్చాడు. పాలరాతి మెట్ల ముందు వేయలేదు. వీధి గుమ్మం బయట, పొద్దుటి నీడ పడేచోట వేసి, రెండు చుట్లు తిప్పి, అమ్మ ఎత్తుకు సరిచేసి, తన చొక్కా చేతులు మడుచుకున్నాడు.

"అమ్మాయ్," అని కేకేశాడు నన్ను. "లైట్లు తీసుకురా. ఆటోలో పెట్టకు."